జింకకు అంచు ఉండదు

బైనాక్యులర్స్‌లో నాకు ముందు కనిపించింది గోధుమరంగు. లోయకు అవతలి వాలులో, మంచు పట్టిన ముళ్ళపొదల మధ్య, తెల్లటి చెట్టుమొద్దుకు కొంచెం ఎడమగా, గుండ్రంగా ఒక వీపు. "కనబడిందా?" అని మా ఇంటి ఓనరు నా చెవి దగ్గర గుసగుసగా అడిగారు. కనబడింది. ఊపిరి తీసుకుంటున్నట్టు అది కొంచెం లేచి దిగింది కూడా. జూలో కాకుండా బయట జింకను చూడడం నాకు అదే మొదటిసారి. పిల్లలకు ఎలా చెప్పాలా అని అప్పుడే మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. ఆయన బైనాక్యులర్స్ నా చేతిలోనే వదిలేసి మంచులో బోర్లా పడుకున్నారు. సంచి మీద తుపాకీ ఆనించుకున్నారు. బోల్టు వెనక్కి లాగి ముందుకు తోసిన చప్పుడు వినిపించింది.

సరిగ్గా అప్పుడు ఆ గోధుమరంగు కింది భాగంలో ఒక గీత కనిపించింది. లేత పసుపు రంగు. సన్నగా, తిన్నగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు. ఒకచోట మడతలోకి పోయి, మళ్ళీ బయటికొచ్చింది.

జింకకు అంచు ఉండదు. చీరకు ఉంటుంది, పంచెకు ఉంటుంది, శాలువాకు ఉంటుంది.

ఆ శాలువా నాకు తెలుసు. నేను ఎన్నిసార్లు ఉతికి ఆరేశానో నాకే తెలియదు. అది మావారిది. అది ఇక్కడికి ఎలా వచ్చిందో, లోయ పైన రాయి దగ్గర కూర్చుని ఉండాల్సిన మనిషి పొదల్లోకి ఎందుకు వచ్చారో ఆలోచించే వ్యవధి లేదు. నోరు తెరిచాను. మాట రాలేదు.

అక్కడిదాకా ఎలా వెళ్ళామో ముందు చెప్పాలి.

మేమప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో, రిక్కార్టన్‌లో అద్దెకుండేవాళ్ళం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను బెజవాడలో డిగ్రీ చదివి, పెళ్ళయి, పెద్దదాన్ని చంకనేసుకుని విమానం ఎక్కినదాన్ని. చిన్నది ఇక్కడే పుట్టింది. అప్పటికి పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. ఇద్దరికీ తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

ఇంటి ఓనరు రైతు. ఊరికి బాగా దూరంగా, కొండల కింద ఆయనకు గొర్రెల ఫామ్ ఉంది. తన పిల్లలు యూనివర్సిటీలో చదివే రోజుల్లో వాళ్ళ కోసం కొన్న ఇల్లట మాది. కుళాయి కారుతోందని ఫోన్ చేస్తే ఇంకెవర్నో పంపకుండా తనే టూల్‌బాక్స్ వేసుకుని వచ్చేవారు. మేం చెప్పకుండానే బూట్లు గుమ్మం బయట విప్పి, చిల్లు సాక్సులతో లోపలికి నడిచేవారు. మా పిల్లలు ఆయన్ని అంకుల్ అనేవారు. వాళ్ళను చూసి మేమూ అంకుల్ అనడం మొదలుపెట్టాం. ఆయనకు అది నచ్చేది. ఆయన మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ఒకసారి జూన్‌లో, అంటే ఇక్కడ చలికాలం మొదట్లో, పొగగొట్టం శుభ్రం చేయడానికి వచ్చినప్పుడు మావారితో అన్నారు: "జూలై సెలవుల్లో ఫామ్‌కి రండి. పిల్లలు మంచులో ఆడుకుంటారు. నువ్వు నాతో జింకల వేటకు రా, మేట్."

"స్వీట్ యాజ్!" అన్నారు మావారు. అది ఆఫీసులో నేర్చుకున్న మాట. 'భేషుగ్గా' అని అర్థం. ఎక్కడ వాడొచ్చా అని కాచుకుని ఉండేవారు.

అంకుల్ వెళ్ళాక నేను మావారిని పట్టుకున్నాను.

"వేటేంటండీ? కోడిని కోస్తుంటే అటు తిరిగి నిలబడే మనిషి మీరు."

"కొట్టేది ఆయన. నేను చూస్తానంతే. సోమవారం వస్తే చాలు, ఆఫీసులో ఒకడు చేప పట్టానంటాడు, ఒకడు పందిని కొట్టానంటాడు. నువ్వేం చేశావ్ అని నన్నడుగుతారు. సూపర్‌మార్కెట్‌కెళ్ళి పెరుగు డబ్బాలు తెచ్చానని చెప్పనా?"

"చెప్పండి. పెరుగు డబ్బా పేలదు కదా."

"నీకు కుక్కర్ కూడా పేలుతుందనే భయం."

అది నిజమే. నాకు అన్నింటికీ భయమే. పిల్లలు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. కారు సీటు బెల్టు పెట్టాక ఇంకోసారి లాగి చూసేదాన్ని. అంతా చూసుకున్నాక, ఏదో చూడలేదనే దిగులుతో మళ్ళీ మొదలు. పరాయి దేశంలో ఏదైనా అయితే పరిగెత్తుకొచ్చే మనుషులు లేరు. అంతా నేనే ముందుగా కనిపెట్టాలి అన్నట్టుండేది. దీన్ని పిల్లలకు తెలియకుండా చేస్తున్నాననే అనుకునేదాన్ని. కానీ పెద్దది పడుకోబోయే ముందు ఇంట్లో కిటికీలన్నీ ఒక్కొక్కటే తోసి చూసి రావడం మొదలుపెట్టింది. దానికి ఎవరూ నేర్పలేదు.

"సరే, నేనూ వస్తా వేటకి," అన్నాను.

"నువ్వా! ఎందుకు?"

"తుపాకీ ఉన్నచోట నేను లేకుండా మిమ్మల్ని పంపను."

ఆయన పగలబడి నవ్వారు. "నువ్వుంటే తూటా ఆగిపోతుందా తల్లీ!" అని చేతులు జోడించారు.

ఇక శాలువా సంగతి. ఈ దేశంలో ఇళ్ళు బయటికన్నా లోపలే చల్లగా ఉంటాయి. బెజవాడలో చలికాలం ఫుట్‌పాత్ మీద నేపాలీవాళ్ళు ఉన్ని బట్టలు అమ్ముతారు కదా, బయల్దేరే ముందు మావారు అక్కడ కొనుక్కున్న శాలువా అది. ముదురు గోధుమరంగు, చుట్టూ పసుపు అంచు. ఆఫీసు నుంచి రాగానే తల మీదుగా ముసుగేసుకుని, రెండు కొసలూ మెడ కింద దోపుకుని సోఫాలో మునిగిపోయేవారు. కానీ కాలింగ్ బెల్ మోగిందంటే మాత్రం ఒక్క గెంతులో దాన్ని తీసి సోఫా వెనక పడేసేవారు. తెల్లవాళ్ళ ముందు ఆ ముసుగుతో కనపడడం ఆయనకు నామోషీ. "రైలు కోసం ప్లాట్‌ఫామ్ మీద పడిగాపులు పడే ముసలాడిలా ఉంటానే," అనేవారు. బయటివాళ్ళకు కనబడకూడని ఆ సుఖాన్ని ఆయన ఫామ్‌కు కూడా సంచిలో కుక్కి తెచ్చుకున్నారని నాకు తెలియదు. పొద్దున సంచి ఉబ్బుగా ఉంటే పులిహోర డబ్బా కాబోలు అనుకున్నాను.

ఫామ్‌లో ఆంటీ మమ్మల్ని సొంత పిల్లల్లా చూశారు. వేటకు నేనూ వెళ్తున్నానంటే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "వెళ్ళు డియర్, పిల్లలు నాతో ఉంటారు. కోళ్ళకు మేత వేయాలి, గొర్రెలకు గడ్డి వేయాలి, నాకు చేతులు కావాలి," అన్నారు. పెద్దది మాత్రం నైట్‌డ్రెస్‌లోనే వంటింటి గుమ్మంలో నిలబడి స్వెట్టర్ చేతి కొస నములుతూ, "మమ్మీ, యు విల్ కమ్ బ్యాక్, నో?" అంది. "వస్తాం, వెళ్ళి పడుకో," అన్నాను, దాని మొహం సరిగ్గా చూడకుండా.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బయట మంచు నీలంగా కనబడుతోంది. అంకుల్ మా ఇద్దరికీ నారింజరంగు చొక్కాలు, నారింజరంగు టోపీలు ఇచ్చి, తనూ వేసుకున్నారు. చేతులు లేని ఆ చొక్కా కోటు పైన వేసుకోవాలి. జింకలకు ఆ రంగు తెలియదట, మనుషులకు మాత్రం మైలు దూరం నుంచి తెలుస్తుందట. తుపాకీ బోల్టు విడిగా తీసి జేబులో వేసుకున్నారు. అది లేకుండా తుపాకీ పేలదట.

"ఇదొక్కటి గుర్తుంచుకోండి," అన్నారు. "కొండ మీద ఏది కదిలినా, అది మనిషి కాదని తేలేవరకు మనిషే. నారింజరంగు ఎప్పుడూ అన్నిటికన్నా పైన ఉండాలి. ఏం జరిగినా సరే."

"నో వర్రీస్," అన్నారు మావారు, టోపీ సర్దుకుంటూ.

ట్రక్కు దిగి నడక మొదలుపెట్టాం. మంచు మోకాళ్ళ దాకా లేదు గానీ, పైన పెళుసుగా గడ్డకట్టి, అడుగేసినప్పుడల్లా అప్పడం విరిగినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడు కాకుండా పాదం ఎలా వేయాలో అంకుల్ చూపించారు: ముందు మునివేళ్ళ పక్కను ఆనించి, నెమ్మదిగా బరువు దించాలి. నేను పిల్లల గదిలోంచి బయటికి అలాగే నడుస్తాను. నాకు తొందరగానే వచ్చింది. "నువ్వు పుట్టు వేటగత్తెవి," అన్నారు ఆయన. మావారికి కొంచెం ఉడుకుమోత్తనం వచ్చింది. కొత్త బూట్లు మడమ కొరుకుతున్నాయి పాపం, ఆయన అడుగడుక్కీ టపటపమంటున్నారు.

గాలి ఎదురుగా వీచేలా చూసుకుని, మధ్యమధ్య ఆగుతూ ఎక్కాం. వేటంటే పరిగెత్తడం అనుకున్నాను. కాదు. నిలబడడం, చూడడం, మళ్ళీ నిలబడడం. ఒకచోట మంచులో తాజా గిట్టల గుర్తులు కనబడ్డాయి. మన మేక గిట్టలాగే రెండు చీలికలు, కాకపోతే పెద్దవి. ఇక్కడి జింకలు మన దగ్గరి పొడల జింకల్లాంటివి కావు, ఒక్కోటి పెయ్యదూడంత ఉంటుంది. అంకుల్ చేతి తొడుగు తీసి గుర్తు అంచును వేలితో తాకి, ఇంకా మెత్తగా ఉందని తలూపారు. ఆయన కళ్ళలో సంతోషం చూస్తే, మా ఇంట్లో కుళాయి బిగించే పెద్దమనిషి ఈయనేనా అనిపించింది.

లోయ పైన ఒక పెద్ద రాయి ఉంది. అక్కడికి వచ్చేసరికి మావారు కుంటడం మొదలుపెట్టారు. అంకుల్ చూశారు.

"నువ్విక్కడే కూర్చో, మేట్. ఇక్కణ్ణుంచి లోయంతా కనబడుతుంది. మేం చుట్టూ తిరిగి అటు ఒడ్డుకి వెళ్తాం. ఈ రాయి దగ్గర నారింజరంగు కనబడితే నువ్వున్నావని నాకు తెలుస్తుంది. ఇక్కణ్ణుంచి కదలకు."

మావారు నావైపు చూశారు, నేను తన దగ్గర ఆగుతానని. నేను ఆలోచించాను. తుపాకీ అంకుల్ దగ్గరుంది. తుపాకీ ఎటు వెళ్తే అటు వెళ్ళాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. నా బుర్ర అలాగే పనిచేస్తుంది. "నేను అంకుల్‌తో వెళ్తానండీ. మీరు పులిహోర తింటూ ఉండండి," అన్నాను.

"వెళ్ళు వెళ్ళు, పుట్టు వేటగత్తెవి," అన్నారు మూతి ముడిచి.

మేం చుట్టూ తిరిగి వెళ్ళడానికి చాలాసేపే పట్టింది. ఆలోగా గాలి పెరిగింది, సన్నగా మంచు పడడం మొదలైంది. ఆ రాయి దగ్గర గాలి నేరుగా మొహానికి కొట్టిందట. కూర్చోలేక, చేతులు కొంకర్లు పోయి, మావారు కిందికి దిగి పొదల చాటుకు వచ్చారు. అక్కడ చూసేవాళ్ళు ఎవరూ లేరు. సంచిలోంచి శాలువా తీశారు. ఇంట్లో ఎలా వేసుకుంటారో అలాగే, టోపీ మీదుగా, చొక్కా మీదుగా, నిండుగా ముసుగేసుకున్నారు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. మాకు కనబడింది ఆ వీపు ఒక్కటే. ఆ ఆత్రంలో రాయి దగ్గర నారింజరంగు ఉందో లేదో ఇద్దరం చూడలేదు.

మళ్ళీ అక్కడికే వస్తున్నాను. బోల్టు చప్పుడైంది. అంచు కనబడింది. నా నోట్లోంచి మాట రాలేదు. ఇంగ్లీషులో ఏమనాలో తెలియక కాదు, ఏ భాషా రాలేదు. చేత్తో ఆయన భుజం పట్టుకోబోయి, ఆ కుదుపుకే తుపాకీ పేలుతుందేమోనని ఆ చెయ్యి కూడా గాల్లోనే ఆగిపోయింది. చివరికి, "ఆగండి!" అన్నాను.

అంకుల్‌కు తెలుగు ముక్క రాదు. అయినా ఆగారు. చెంప తుపాకీ మీంచి ఎత్తి నావైపు చూశారు.

"మావారు," అన్నాను. మళ్ళీ తెలుగే. తర్వాత ఏడుపుతో, "మై హస్బెండ్. అది మై హస్బెండ్."

ఆయన తుపాకీ గొట్టాన్ని పక్కకు తిప్పి బోల్టు వెనక్కి లాగారు. తూటా ఎగిరి మంచులో పడింది, పడినచోట చిన్న గుంట మిగిలింది. అప్పుడు నా చేతిలోంచి బైనాక్యులర్స్ తీసుకుని చూశారు. చాలాసేపు చూశారు. ఆ గోధుమరంగు కదిలి, అందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, పులిహోర ముద్ద నోట్లో పెట్టుకోవడం నాకు బైనాక్యులర్స్ లేకుండానే తెలిసింది.

అంకుల్ మంచులో అలాగే కూర్చుండిపోయారు. బోల్టు పూర్తిగా బయటికి లాగి నా చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గర ఉంచు. ఇంటికెళ్ళేదాకా నాకివ్వకు," అన్నారు. చల్లగా, నూనె వాసనతో, నేననుకున్నదానికన్నా బరువుగా ఉంది. కోటు లోపలి జేబులో వేసుకుని జిప్పు పెట్టుకున్నాను.

"తల కనబడకుండా నేను కాల్చను," అన్నారు కాసేపయ్యాక. "ఎప్పుడూ కాల్చలేదు. ఇవాళా కాల్చేవాణ్ణి కాదు." మళ్ళీ ఆగి, "కానీ నీకు అబద్ధం చెప్పను. నా కంటికి అది జింకే. చెవులు కూడా గీసేసుకుంది నా కన్ను. నీకు జింకను చూపించాలని అంత ఆశగా ఉంది నాకు," అన్నారు. 

ఆయన మాట నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ క్షణంలో మాత్రం ఆయన మీద కోపం రావాలో జాలి రావాలో తెలియలేదు. పక్కన కూర్చుని ఆయన చేతి తొడుగు పట్టుకున్నాను. మా నాన్న వయసు మనిషి.

తర్వాత ఇద్దరం లేచి అరిచాం. అంకుల్ పేరు పెట్టి పిలిచారు. నేను "ఏమండీ! ఏమండీ!" అని గొంతు చించుకున్నాను. ఆ గోధుమరంగు ముద్ద ఉలిక్కిపడింది. దాని కిందుగా, లోయ అడుగున, మాకు కనబడని మలుపులోంచి రెండు జింకలు, నిజమైనవి, మంచు చిమ్ముకుంటూ ఒక్క ఊపున పైకి లేచి అడవిలోకి మాయమైపోయాయి.

మేం చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి చేరేసరికి మావారు నిప్పులు చెరుగుతున్నారు. మమ్మల్ని దూరం నుంచి చూడగానే శాలువా తీసి సంచిలో కుక్కేశారు, ఎప్పటిలాగే.

"ఏంటే ఆ అరుపులు! రెండు, రెండు వచ్చాయి! ఇదిగో, ఇంత దగ్గరగా! నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నా. సంతలో తప్పిపోయిన పిల్లలా ఏమండీ ఏమండీ అంటావేంటి? అంకుల్ ఏమనుకుంటారు?"

నేను సంచిలోంచి ఆ శాలువా లాగి, దాంతోనే ఆయన్ని రెండు దెబ్బలు కొట్టాను. తర్వాత ఆయన కోటు పట్టుకుని ఏడ్చాను. ఆయన బిత్తరపోయి అంకుల్ వైపు చూశారు.

అంకుల్ అంతా చెప్పారు. ఏదీ తగ్గించలేదు, తిట్టనూ లేదు. "నేను తుపాకీ పెట్టాను నీ మీద. సారీ మేట్," అన్నారు, టోపీ తీసి.

మావారు మొదట నవ్వారు. "ఏంటి, నేను అంత బాగా ఉన్నానా జింకలా?" అన్నారు. ఎవరం నవ్వకపోయేసరికి ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయి, కాసేపటికి పోయింది. రాయి వైపు చూశారు, లోయకు అటువైపు మేం పడుకున్న చోటు చూశారు. మధ్యలో ఎంత దూరం ఉందో కళ్ళతో కొలుస్తున్నట్టు అనిపించింది. "సారీ అంకుల్, నేను కదలకుండా ఉండాల్సింది," అన్నారు. దిగేటప్పుడు దారంతా ఆయన కుంటుతూ నా చెయ్యి పట్టుకుని నడిచారు. పెళ్ళయ్యాక బయట నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారేమో.

ఇంట్లో ఆంటీ మా మొహాలు చూసి, "ఏమైంది?" అని భర్తనే అడిగారు. పిల్లలు పెరట్లో ఉన్నారు. ఆయన నిలబడే చెప్పారు. ఆంటీ కట్టెల స్టవ్ మీంచి కెటిల్ దించి, నా దగ్గర బోల్టు తీసుకుని, తుపాకీతో పాటు ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చారు. కుర్చీలో కూలబడిన అంకుల్ వెనక నిలబడి తల మీద చెయ్యి వేశారు.

నాకు ఏమీ తోచలేదు. తోచిందల్లా ఒక్కటే. "ఆంటీ, కొంచెం రాళ్ళుప్పు ఉందా?" అని అడిగాను. వంటకేమో అనుకుని ఆవిడ సీసా ఇచ్చారు. గుప్పెట్లోకి తీసుకుని మావారిని కుర్చీలో కూర్చోబెట్టి దిష్టి తీశాను. ఇంకో గుప్పెడు తీసుకున్నాను. అంకుల్ ముందుకెళ్ళి నిలబడ్డాను. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఆయనకూ తిప్పి, రెండు గుప్పెళ్ళ ఉప్పూ పొయ్యిలో వేశాను. చిటపటమని పేలింది. "ఎందుకిది?" అన్నారు ఆంటీ మెల్లగా. "పోవడానికి," అన్నాను. అంతకన్నా నాకూ తెలియదు. "అయితే నాకు కూడా చెయ్యి," అన్నారు ఆవిడ, కుర్చీ లాక్కుని.

ఆంటీకి తిప్పుతుండగా తలుపు దగ్గర పెద్దది నిలబడి ఉంది. కోళ్ళ మేత బకెట్టు చేతిలో పట్టుకుని, అందర్నీ ఒక్కొక్కరినే చూస్తోంది.

"మమ్మీ, చెల్లి కారు డోర్‌లో వేలు పెట్టుకున్నప్పుడు చేశావు. నాకు ఫీవర్ వచ్చినప్పుడు చేశావు. బ్యాడ్ థింగ్ అయితేనే చేస్తావు. వాట్ హాపెండ్?" అంది. అంత తెలుగు అది మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఏం లేదు నాన్నా. రేపు చెప్తాను," అన్నాను.

మావారు నన్ను పక్కకు పిలిచి, "వాళ్ళకి చెప్పకు. భయపడతారు. ఇండియాకి అసలు చెప్పకు," అన్నారు. మా ఇళ్ళల్లో అంతే. పిల్లల ముందు మాట ఆపేస్తారు, వాళ్ళు గదిలోకి రాగానే టాపిక్ మార్చేస్తారు. నేనూ అలాగే పెరిగాను. పెద్దవాళ్ళు గుసగుసలాడుకునే గది బయట నిలబడి, లోపల ఏముందో తెలియక, తెలిసినదానికన్నా పెద్దది ఊహించుకుంటూ.

పడుకునే ముందు పెద్దది ఆ ఫామ్ ఇంట్లో కిటికీలన్నీ తోసి చూసి వచ్చింది. తర్వాత మా గదికి వచ్చి, నిద్రపోతున్నారనుకున్న వాళ్ళ నాన్న ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. నేను దుప్పటి లోంచి చూస్తూనే ఉన్నాను. నాకు ఇంకేమీ మిగల్లేదు దాచడానికి.

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను, ఇన్నాళ్ళకు. ఆ మర్నాడు పొద్దున వాళ్ళకు ఏం చెప్పానో ఒక్క మాట మార్చకుండా రాయాలని ఉంది.

ఆంటీ వాళ్ళ వంటింట్లో పిల్లలిద్దరూ టోస్ట్ తింటున్నారు. మావారు కాఫీ కప్పు పట్టుకుని నన్ను చూశారు, చెప్పేస్తానని అర్థమై తల దించుకున్నారు. వద్దనలేదు. నేను పెద్దదాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నిన్న కొండ మీద నాన్నకు చలేసింది. అంకుల్ కూర్చోమన్న చోటు వదిలి పొదల్లోకి వచ్చి, నారింజ చొక్కా మీద శాలువా కప్పుకున్నారు. దూరం నుంచి అంకుల్‌కి జింకలా కనబడ్డారు. నాకు కూడా మొదట అలాగే కనబడ్డారు. అంకుల్ తుపాకీ పెట్టారు. కాల్చలేదు. నాన్నని గుర్తుపట్టి నేను ఆగమన్నాను, ఆయన ఆగారు."

చిన్నది, "నానా ఈజ్ అ డీర్!" అని ఎగిరి నవ్వింది. పెద్దది నవ్వలేదు.

"నాన్న చచ్చిపోయేవాడా?"

"అవును, చచ్చిపోయేవాళ్ళేమో," అన్నాను. "చచ్చిపోలేదు. ఎవరూ చెడ్డపని చేయలేదు. నాన్న పొరపాటు చేశారు, అంకుల్‌ కన్ను పొరపాటు పడింది. అంకుల్ నాన్నకి సారీ చెప్పారు, నాన్న అంకుల్‌కి సారీ చెప్పారు. నేను బాగా ఏడ్చాను. అందుకే ఉప్పు తిప్పాను."

అది వాళ్ళ నాన్న వైపు తిరిగి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను అడిగింది: "ఆర్ యు స్టిల్ స్కేర్డ్, మమ్మీ?"

ఎప్పుడూ లేదు లేదు అనేదాన్ని.

"అవునమ్మా, ఇంకా భయంగానే ఉంది," అన్నాను. "ఈరోజంతా ఉంటుందేమో. నువ్వు వచ్చి నా పక్కన కూర్చో."